చెత్తకొక కొయ్యపెట్టె
(మన సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యవర్గం వారు మమ్మల్ని ఓ పదిహేను నిమిషాలు మాట్లాడమన్నారు. విద్య మీదనో, ఐకమత్యం మీదనో మాట్లాడతామని మీరనుకొని ఉంటారు. ఆ విషయాలు మాకంటే బాగా చెప్పగలవారు వేదిక మీదే ఉన్నారు గనుక మేము ఆ జోలికి పోవడం లేదు. మేము చెప్పబోయేది ఒక చెత్తపెట్టెను గురించి. నవ్వకండి. షాదీఖానా వెనుక వేపచెట్టు కింద ఉన్న ఆ కొయ్యపెట్టెను మీలో చాలామంది చూచే ఉంటారు. కొందరైతే అది కోళ్ళగూడనుకొని లోపలికి తొంగి చూశారు కూడా. దాన్ని మేము ఐదుగురం కలిసి చేశాము. మాలో ఒకరు స్కూలు మాస్టరు, ఒకరు బట్టల దుకాణం వారు, ఒకరు రిటైరైన బస్సు కండక్టరు, ఇద్దరు కాలేజీ పిల్లలు. అంతకుముందు మాలో ఏ ఒక్కరూ రంపం పట్టి ఎరుగరు.

ఈ పని మా నెత్తికి ఎలా వచ్చిందో ముందు చెప్పాలి. 2023 డిసెంబరులో వరుసగా నాలుగు పెళ్ళిళ్ళు జరిగాయి. మన వంటలు రాత్రి పొద్దుపోయే దాకా సాగుతాయి, మునిసిపాలిటీ బండి తెల్లవారాక వస్తుంది. ఆ మధ్యలో ఉల్లిపొట్టు, కొత్తిమీర కాడలు, కుళ్ళిన టమాటాలు, అరటితొక్కలు, విస్తళ్ళు అన్నీ వెనుక గోడవారగా కుప్ప పడతాయి. బండి కొంత తీసుకుపోతుంది, అడుగున ఉన్నది అక్కడే ఉంటుంది. ఇది ఏ ఒక్కరి తప్పూ కాదు, అందరి అలవాటు.

నాలుగో పెళ్ళి అయిన మర్నాడు గోడ అవతల ఇంటి పెద్దావిడ తానే నడుచుకుంటూ మన ఆఫీసు గదికి వచ్చారు. డెబ్భై అయిదు దాటిన మనిషి, ఆయాసం జబ్బు కూడా ఉంది. కుర్చీ వేస్తే కూర్చోలేదు. "మీ పెళ్ళిళ్ళకు నేనేనాడైనా అడ్డు చెప్పానా నాయనా? పిలిచినప్పుడల్లా వచ్చి పిల్లను దీవించి పోయాను. నా గదికి ఉన్నది ఆ కిటికీ ఒక్కటే. ఏడాదిగా మూసే ఉంచాను," అన్నారు. అంతే అని వెళ్ళిపోయారు. ఆవిడ కేకలు వేసి ఉంటే మేమూ ఏదో ఒకటి జవాబు చెప్పేవాళ్ళమే. అలా చెప్పి వెళ్ళేసరికి మాకు తల ఎత్తుకోవడానికి లేకపోయింది. పొరుగువారి హక్కును గురించి మనం ప్రతి జుమాలోనూ వింటూనే ఉన్నాము.

ఆ ఆదివారం కార్యవర్గం కూర్చుంది. తడి చెత్తను అక్కడికక్కడే ఎరువు చేసెయ్యాలని ఒప్పుకోవడానికి ఎంతోసేపు పట్టలేదు. తడీ పొడీ వేరు చెయ్యాలని 2016 నాటి కేంద్ర ప్రభుత్వ నియమాలు కూడా చెప్పినవే. చిక్కంతా దేనిలో చెయ్యాలి అన్న దగ్గర వచ్చింది. మహారాష్ట్రలో పుట్టిన నాడెప్ పద్ధతిలో ఇటుకల మధ్య రంధ్రాలు వదిలి తొట్టి కడతారు. అది మంచిదే, కాని ఆ మూల స్థలంలో ముందు ముందు ఒక గది వెయ్యాలని సంఘం అనుకుంటున్నది గనుక పక్కా కట్టడం వద్దన్నారు. అయితే విప్పి వేరేచోట పెట్టుకోవడానికి వీలైన కొయ్యపెట్టె కావాలి. చేయిద్దామంటే ఆ డబ్బు వితంతువుల సహాయ నిధిలో నుంచో, పిల్లల ఫీజుల నిధిలో నుంచో తియ్యాలి. ఖజానాదారు గారు రెండు చేతులూ అడ్డం పెట్టారు. అలా చెయ్యడం వారి ధర్మం.

మా వీధి చివర పనిచేసే వడ్రంగి ఆచారి గారిని సలహా అడగబోయాము. ఆయన అంతా విని, "చేసి పెట్టమంటే కూలి తీసుకుంటాను సాయిబు గారూ, నేర్పమంటే టీ ఇప్పించండి చాలు," అన్నారు. పెద్దావిడ మాటకు ఎంత సిగ్గుపడ్డామో ఈ మాటకు అంత బెదిరాము. మనలో చేతిపని అంటే ఒక చిన్నచూపు ఉంది, దాచుకోవడం ఎందుకు? దుకాణం భాయ్ అయితే, "రేపు నేను రంపం పడితే బజారంతా వ్యాపారం దెబ్బతిన్నదనుకుంటారు," అన్నాడు. మా పేష్ ఇమామ్ గారు ఆ మాట విని నవ్వి, హజ్రత్ జకరియ్యా అలైహిస్సలాం వడ్రంగి అని సహీహ్ ముస్లింలో ఉన్న సంగతి గుర్తు చేశారు. మదీనాలో రసూలుల్లాహ్ సల్లల్లాహు అలైహి వసల్లం వారికి మింబరు చేసినవాడూ ఒక అన్సారీ మహిళ వద్ద పనిచేసే వడ్రంగే. ఇక దుకాణం భాయ్ మాట్లాడలేదు.

కలప దగ్గర అసలు గొడవ వచ్చింది. 2022లో మసీదు మరమ్మతు జరిగినప్పుడు తీసేసిన పాత తలుపుల టేకు పలకలు షాదీఖానా సామాన్ల గదిలో పేర్చి ఉన్నాయి. ఎప్పటివో పలకలు, ఒక్క పురుగు కన్నం లేదు. మా కుర్రవాళ్ళిద్దరూ వాటిలో ఆరు పలకలు బయటకు లాగి కొలతలు గీసేశారు కూడా. అప్పుడు ముతవల్లీ చాచా లోపలికి వచ్చారు. ఆయన్ను అంత కోపంగా మేమెన్నడూ చూడలేదు. "ఈ తలుపు మీద చెయ్యి వేసి మీ తాత లోపలికి వెళ్ళాడురా, దాన్ని చెత్తకు గోడ చేస్తారా?" అన్నారు. కుర్రవాళ్ళు కూడా ఊరుకోలేదు. ఊరికే పడి ఉన్నది నలుగురికీ పనికొస్తే పుణ్యం కాదా అన్నారు. ఎవరి మాటలోనూ అబద్ధం లేదు. ఇమామ్ గారు ఇద్దరినీ కూర్చోబెట్టి, మసీదు కోసం ఇచ్చిన వస్తువు మసీదుకే వాడాలి, వాడే అవసరం లేకపోతే అమ్మి ఆ సొమ్ము మసీదు లెక్కలోనే జమ కట్టాలి, మనకు తోచిన మంచి పనికల్లా మళ్ళించడానికి అది మనది కాదు అని చెప్పారు. పలకలు తిరిగి లోపలికి పోయాయి. ఆ గీతలు మాత్రం చెరిపినా పోలేదు. తరువాత ఆచారి గారు ఆ ఆరు పలకలతోనే మసీదులో చదువుకునే పిల్లలకు రెహళ్ళు చేశారు. ఒకటి రెండింటి మీద మా పెన్సిలు గీతలు ఇప్పటికీ కనిపిస్తాయి.

మరి మా పెట్టెకు కలప? మామిడి చెక్క చవక గాని తడి తగిలితే తొందరగా పుచ్చిపోతుంది. తుమ్మ గట్టిదే కాని మావంటి కొత్తవారు మేకు కొడితే మేకే వంగుతుంది. ఆచారి గారి మాట మీద నాలుగు మూలల గుంజలకు అడితిలో చేవ ఉన్న వేప కొన్నాము. మూడు పక్కలకూ యంత్రాలు దిగుమతి అయ్యే పాత పెట్టెల పలకలు తెచ్చాము. వాటి మీద ఒక ముద్ర ఉంటుంది, మీలో ఎవరైనా తెచ్చుకునేటప్పుడు అది చూచుకోండి. హెచ్.టి. అని ఉంటే పురుగు చావడానికి వేడి పెట్టిన చెక్క, ఎం.బి. అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువు పట్టించిన చెక్క. మేము మొదటిదే ఏరుకున్నాము. చెద పట్టకుండా పాత ఇంజనాయిలు పూద్దామని ఒకరు డబ్బా తెచ్చారు, వద్దన్నాము. ఆ ఎరువు రేపు ఎవరి ఇంటి వంకాయ పాదుకో పోతుంది కదా! గుంజల కింద నాలుగు ఇటుకలు పెట్టి నేల తడి అంటకుండా చేశాము. చెద మట్టి పాకితే ఇటుక మీదే కనపడుతుంది.

పెట్టె మూడడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తు. ఈ కొలత ఊరికే పెట్టింది కాదు. ఇంతకంటే బాగా చిన్నదైతే కుప్పలో పుట్టిన వేడి నిలవదు, మరీ పెద్దదైతే నడిమికి గాలి అందదు. నాలుగంగుళాల పలకలు, మధ్య అరంగుళం సందు. అలా లెక్కవేస్తే పక్కకు ఎనిమిది పలకలు. ముందు పక్క మాత్రం పలకలు మేకు కొట్టకుండా రెండు బద్దల మధ్య గాడిలో పైనుంచి జారేట్టు పెట్టాలి. ఎరువు తిరగవెయ్యాలంటే అవి ఒక్కొక్కటే పైకి లాగి తీసేయవచ్చు. సందు నిలవడానికి ఒక్కో పలక అడుగున రెండు చోట్ల అరంగుళం ముక్క బిగించాలి.

కాగితం మీద ఇదంతా సులభమే. 2024 జనవరిలో మొదటి ఆదివారం జొహర్ తర్వాత మొదలుపెట్టి అసర్ దాకా నాలుగు పలకలు కోశాము. రంపం ఇరుక్కుపోవడం, గీత ఒకవైపు ఉంటే కోత ఇంకోవైపు పోవడం. ఆచారి గారు అరుగు మీద కూర్చొని చూస్తూ, "దాన్ని నొక్కకండి. బరువు రంపానిదే, మీరు దారి చూపండి చాలు," అనేవారు. వారం తరువాత కండక్టరు గారి చేతికి ఆ వాటం వచ్చింది, కుర్రవాళ్ళకంటే ముందే. బస్సులో నలభై ఏళ్ళు నిలబడ్డ మనిషి గనుక కుదుపు లేకుండా నిలబడడం ఆయనకు తెలుసు, అదే కారణమని మా అనుమానం.

ముందు పక్క పలకల కోసం పన్నెండడుగుల పలక ఒకటి తీసుకొని, మాస్టరు గారు లెక్క ప్రకారం ముప్ఫై రెండు అంగుళాలకు ఒక గీత చొప్పున నాలుగు గీతలూ ముందే గీసేశారు. కోసి చూస్తే నాలుగూ నాలుగు పొడవులు! మాస్టరు గారు టేపును అనుమానించారు. ఆచారి గారు కింద రాలిన పొట్టును చేత్తో తీసి చూపించారు. "ఇది ఎక్కడిదనుకున్నారు సార్? మీ చెక్కలోదే," అన్నారు. రంపం తన మందం మేర చెక్కను తినేస్తుంది. మేము ఒకసారి గీతకు ఇవతల, ఒకసారి అవతల కోశాము. అందుకని ఒక ముక్కకు రెండు వైపులా పోయింది, ఒక ముక్కకు ఏమీ పోలేదు. ఒకటి గాడిలో నిలవకుండా జారిపోయింది, ఒకటి దూరనే లేదు. అప్పటి నుంచి ఒకటి గీసి ఒకటి కొయ్యడం, కోసిన తర్వాతే రెండోది గీయడం, రంపం ఎప్పుడూ గీతకు అవతల పక్కనే నడపడం నేర్చుకున్నాము. పిల్లలకు ముప్ఫై ఏళ్ళు లెక్కలు చెప్పాము గాని తీసివేతలో ఈ అంకె ఉందని తెలియదు అని మాస్టరు గారే నలుగురిలో అన్నారు.

మేకుల సంగతి చెబితే ఇంకా నవ్వుతారు. చివరకు దగ్గరగా కొట్టిన ప్రతి మేకూ పలకను నిలువునా చీల్చింది. అయిదు పలకలు అలా పోయాయి. మేకు మొనను సుత్తితో కొంచెం మొండి చేసి కొడితే చీలదన్నారు ఆచారి గారు. పదునైన మొన చెక్క నారను విడదీస్తుంది, మొండి మొన నారను తెంపుకుంటూ పోతుంది. విన్నప్పుడు నమ్మలేదు, చేసి చూచి నమ్మాము. తరువాత బర్మాతో ముందే కన్నం వేసి మరలు బిగించడం ఇంకా మేలని తేలింది. పుచ్చిన పలకను మార్చాలంటే మర విప్పితే సరిపోతుంది. జింకు పూత వేసినవే కొనండి, ఎరువు తడికి మామూలు ఇనుము తుప్పు పట్టిపోతుంది.

చట్రం నిలబెట్టాక చూపుకు చక్కగానే ఉంది. ఆచారి గారు ఒక పురికొస తీసి ఈ మూల నుంచి ఆ మూలకు, తరువాత రెండో ఐమూలగా పట్టారు. మూడడుగుల చతురస్రానికి ఐమూల కొలత నాలుగడుగుల మూడంగుళాలకు రవ్వంత తక్కువ రావాలి, రెండు ఐమూలలూ సమానంగా రావాలి. మాకు ఒకటి అంగుళంన్నర ఎక్కువ వచ్చింది. విప్పి మళ్ళీ బిగించాము. మూడో ఆదివారం మగ్రిబ్ అజాన్ వేళకు పెట్టె నిలబడింది. అడుగున పందికొక్కులు రాకుండా అరంగుళం కన్నాల ఇనుప వల పరిచాము. దానిమీద మూత, మూతకు రెండు మడతబందులు. ఆ మూత ఇప్పటికీ ఒక మూల లేచే ఉంటుంది. దాన్ని ఎన్నిసార్లు సరిచేసినా మా మాట వినలేదు.

పెట్టె అయిపోతే పని అయిపోయిందనుకున్నాము. ఇక్కడే మళ్ళీ తలవంపులు వచ్చాయి. ఆ సంవత్సరం రంజాన్ మార్చి 12న మొదలయింది. రోజూ ఇఫ్తారుకు పుచ్చకాయలు, కర్బూజాలు. ఆ తొక్కలన్నీ ఉత్సాహంగా పెట్టెలో నింపాము. ఎవరో విందులో మిగిలిన బిర్యానీ, బొమికలు కూడా వేశారు. పదో రోజుకు అడుగు నుంచి నల్లని నీరు, ఈగలు, కుక్కలు. వాసన మునుపటికంటే ఎక్కువ. తరావీహ్‌కు వెళ్తూ గోడ వైపు చూస్తే ఆవిడ కిటికీ మళ్ళీ మూసి ఉంది. జనవరి చివరలో మేమే వెళ్ళి, ఇక తెరుచుకోండమ్మా అని చెప్పి వచ్చాము. ఆవిడ తెరిచారు కూడా. ఇప్పుడు మళ్ళీ ఏమీ అనలేదు, అదే మాకు కష్టంగా ఉంది.

దారి చూపింది మా మొహల్లా ఖాలా ఒకరు. ఇఫ్తారు గిన్నెలు తీసుకుపోవడానికి వచ్చి, పెట్టె మూత ఎత్తి, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకొని, "మా పుట్టింట్లో పెంటదిబ్బ మీద తడి పడిందంటే పైన ఎండుటాకు చల్లేవాళ్ళం భాయ్. ఇంతమంది చదువుకున్నవాళ్ళు, అంత మాత్రం తెలీదా?" అన్నారు. చదివి చూస్తే ఆమె చెప్పిందే శాస్త్రం. 1924 నుంచి 1931 దాకా ఇండోరులో ఆల్బర్ట్ హోవార్డ్, యశ్వంత్ వాడ్ మొదలైనవారు తీర్చిన పద్ధతిలోనూ తడీ పొడీ పొరలు పొరలుగా వెయ్యడం, గాలి ఆడేట్టు తిరగవెయ్యడమే ముఖ్యం. తడి ఒక బుట్టయితే ఎండుది రెండు మూడు బుట్టలు పడాలి. పిడికిట పట్టి పిండితే వేళ్ళ సందున చెమ్మ కనపడాలి, నీరు కారకూడదు.

మర్నాడు పిల్లలంతా కలిసి ముందు పలకలు లాగి మొత్తం బయటకు తీశారు. ఉపవాసంతో, ఆ వాసనలో! బొమికలు, మాంసం, నూనె అన్నం ఏరి బండికి ఇచ్చాము. వేపాకు, చింతాకు, వేరుశనగ పొట్టు, సామిల్లు నుంచి రంపపు పొట్టు కలిపి తిరిగి నింపాము. నాలుగు రోజుల్లో వాసన తగ్గింది, వారానికి లోపల వేడి పుట్టింది. ఇనుప ఊచ ఒకటి గుచ్చి కాసేపుంచి తీస్తే చేత్తో పట్టుకోలేకపోయాము. అలా కాగిన కుప్పలో 55 నుంచి 65 డిగ్రీల వేడి ఉంటుంది, కలుపు విత్తనాలు దానికి చస్తాయి. అప్పటి నుంచి పెట్టె మీద ఒక అట్ట కట్టాము: మాంసం, బొమికలు, నూనె వంటకాలు వద్దు. బక్రీదు నాటి వ్యర్థాలు అసలే వద్దు, అవి మునిసిపాలిటీ వారు చెప్పిన చోటికే పోవాలి. పెళ్ళిళ్ళ సెహ్రా పూలు వెయ్యవచ్చు గాని జరీ దారం తీసి వెయ్యండి. మొన్న ఎరువు జల్లిస్తే మూరెడు జరీ బయటపడింది.

వానలు పడ్డాక ముందు పలకలు గాడిలో బిగుసుకుపోయాయి. జనవరి ఎండుకు సరిగ్గా పట్టేట్టు గాడి చేశాము గదా, తడికి చెక్క ఉబ్బింది. ఉబ్బడం పొడవున కాదు, వెడల్పునా మందానా ఉబ్బుతుంది. గాడి నూలో రెండు నూళ్ళో వదులుగా ఉంచుకోవాలి. ఆ ముక్క కూడా ఆచారి గారు ముందే అన్నారట, మేము వినలేదట. అలా అన్నట్టు మాకైతే జ్ఞాపకం లేదు.

ఆగస్టులో మొదటి ఎరువు దించాము. నిండుగా ఉన్నది సగానికి పైగా కుంగిపోయింది. నల్లగా, పొడిపొడిగా, తొలివాన పడ్డ మట్టి వాసన. మొదటి రెండు డబ్బాలు గోడ అవతలికి తీసుకుపోయాము. పెద్దావిడ ముక్కు దగ్గర పెట్టి చూచి, "ఇది అదేనా?" అన్నారు. తమ మల్లెపాదుకు వేయించారు. అప్పుడు కిటికీ తెరిచే ఉంది. ఈమధ్య ఒకటి రెండు సార్లు మూసి కనిపిస్తే గుండె గుభేలుమని వెళ్ళి అడిగాము. చలికి మూశానన్నారు.

పెళ్ళిళ్ళ రోజుల్లో ఒక్క పెట్టె చాలడం లేదు. ఒకటి మాగుతుండగా నింపడానికి రెండోది కావాలి. కార్యవర్గం ఒప్పుకుంది, కలప ఖర్చు ఐదుగురమూ వేసుకుంటున్నాము, ఇంకెవరైనా చేరితే సంతోషం. వచ్చే ఆదివారం జొహర్ తర్వాత వేపచెట్టు కిందే మొదలుపెడతాము. ఆచారి గారు వస్తానన్నారు. ఈసారి ఆడపిల్లలు కూడా నేర్చుకుంటామని ఖాలా ద్వారా కబురు పంపారు, వారికి ఉదయం పూట వేరుగా ఏర్పాటు చేశాము. రంపాలు, బర్మా సంఘానివే ఉన్నాయి. సుత్తి మాత్రం ఎవరిది వారు తెచ్చుకోవాలి. పోయినసారి తెచ్చినవాటిలో ఒకటి ఇంకా దొరకలేదు, దుకాణం భాయ్ అడుగుతూనే ఉన్నాడు.